నూటికి ఒకటి తక్కువ

చీరల దుకాణం అద్దాల వెనక ఒక చీటీ వేలాడుతూ ఉంటుంది. 399 రూపాయలు. నాలుగు వందలు అనడానికి ఆ దుకాణదారుకి నోరు రాలేదో, ఆ ఒక్క రూపాయి మనకి వదిలేసి పుణ్యం కట్టుకుందామనుకున్నాడో గాని, ఆ చీటీ చూసి లోపలికి అడుగు పెట్టని ఆడది అరుదు. సరే, వెళ్ళాం. ఇంట్లో పెళ్ళి ఉంది, పెట్టుపోతలకి ఆరు చీరలు కావాలి. అప్పుడేం చేస్తాం? కాగితం తీసి, 399 కింద 6 వేసి, గీత గీసి, తొమ్మిదార్లు యాభై నాలుగు అంటూ మొదలుపెడతామా? లేదు కదూ! ఆరు నాలుగులు ఇరవై నాలుగు, రెండువేల నాలుగు వందలు, అందులోంచి ఆరు రూపాయలు పోతే 2,394 అనేసుకుంటాం. బిల్లు రాసే కుర్రాడు యంత్రం మీద వేళ్ళు ఆడించేలోగా మన లెక్క తేలిపోతుంది.

మనం చేసిన పనేమిటో ఒక్క క్షణం ఆగి చూడండి. ప్రతి చీరకీ లేని రూపాయి ఒకటి అప్పు తెచ్చుకున్నాం. అప్పుతో అంకె నిండుగా, గుండ్రంగా తయారైంది. హెచ్చవేయడం తేలికైంది. పని కాగానే తెచ్చిన ఆరు రూపాయలూ తిరిగి ఇచ్చేశాం. పక్కింటి నుంచి గ్లాసెడు పంచదార తెచ్చి, సరుకులు రాగానే గ్లాసెడూ కొలిచి ఇచ్చినట్టే. ఇందులో రెండు పనులున్నాయి. నిండు చేయడం మొదటిది. తిరిగి తీసేయడం రెండోది. మొదటిది అందరికీ సరదాగానే ఉంటుంది. రెండోది గుర్తుంచుకోవడంలోనే ఉంది అసలు కథ.

నేను బి.ఏ. చదువుకున్నదాన్ని. నవలలు రాసుకునేదాన్ని. మీకు లెక్కల పాఠం చెప్పబోవడం లేదు, కంగారుపడకండి. కాని ఈ చిన్న కిటుకు వెనక వెయ్యేళ్ళు దాటిన చరిత్ర ఒకటి ఉంది. అందులో రాజుల ఆస్థానాలున్నాయి, రూపాయి మారకాలున్నాయి, పసుపు సంచులున్నాయి. అన్నిటికీ మించి మన ఆడవాళ్ళున్నారు. ఆ ముచ్చట చెప్పాలనే ఈ ప్రయత్నం.

మా అత్తగారి ఊరు బాల్కొండ. నిజామాబాదు జిల్లాలో ఆర్మూరు దాటి నిర్మల్ వైపు వెళ్తుంటే తగులుతుంది. ఊరికో పాత ఖిల్లా, దగ్గర్లోనే గోదావరి మీద పోచంపాడు ప్రాజెక్టు. దాన్నే శ్రీరాంసాగర్ అంటారు. 1963లో నెహ్రూగారు పునాది రాయి వేశారు. మనబోటి వాళ్ళకి పసుపంటే పోపులో చిటికెడు, గడపకి మరికాస్త, పేరంటానికి గిన్నెడు. ఆ పక్క ఊళ్ళలో పసుపంటే పంట, పసుపంటే అప్పు, పసుపంటే ఆడపిల్ల పెళ్ళి. తొలకరికి నాటిన పసుపు సంక్రాంతి దాటాకగాని చేతికి రాదు. తవ్వాలి, ఉడకబెట్టాలి, ఎండబెట్టాలి, పైపొట్టు పోయేలా మెరుగు పెట్టాలి. కొమ్ములు వేరు, మండ వేరు చెయ్యాలి. పచ్చిది అయిదు పాళ్ళు ఉడికి ఎండితే సుమారు ఒక పాలు మిగులుతుంది. అంత చాకిరీ తర్వాత మిగిలిన ఆ ఒక్క పాలు తూకానికి వెళ్తుంది. అక్కడ లెక్క తెలియకపోతే ఏడాది కష్టం ఎటు పోయిందో కూడా తెలీదు.

మా అత్తగారు బడి మొహం చూడలేదు. సంతకం మాత్రం, అదీ మా ఆడపడుచు నేర్పితే నేర్చుకున్నారు. కాని లెక్క ఆవిడ నోట్లో ఉంటుంది. కోడలిగా వెళ్ళిన కొత్తలో కూలీల డబ్బు లెక్క వేస్తూ ఆవిడ నాకు చెప్పిన సూత్రం ఇదీ: "పూరా జేస్కో బిడ్డా. ఎంత ఎక్కువైందో యాదికుంచుకో. మల్ల గది తీసెయ్. గంతనే." పందొమ్మిది మంది కూలీలకి మనిషికి 250 అయితే, ఇరవై మంది అనుకుంటే అయిదు వేలు, లేని ఆ ఒక్క మనిషి 250 తీసేస్తే 4,750. నేను కలం మూత తీసేలోగా ఆవిడ కొంగుముడి విప్పారు.

ఒక ఏడు జరిగింది చెబుతాను. ముప్పై ఎనిమిది క్వింటాళ్ళ పసుపు ఇంట్లో ఉంది. నిజామాబాదు యార్డులో కంటే మహారాష్ట్రలోని సాంగ్లీలో క్వింటాలుకి అయిదు వందలు ఎక్కువ పలుకుతోందని కబురొచ్చింది. ఆ పక్క రైతులు సాంగ్లీ దాకా సరుకు పట్టుకెళ్ళడం ఉన్నదే. మగవాళ్ళంతా అరుగు మీద కూర్చుని లెక్క వేశారు. "సుమారు నలభై క్వింటాళ్ళు. నలభై అయిదులు రెండు వందలు. అంటే ఇరవై వేలు ఎక్కువొస్తది. లారీ కిరాయి, హమాలీ, తిండి, దారి ఖర్చు అంతా కలిపి పందొమ్మిదిన్నర వేలు. అయిదు వందలైనా మిగుల్తయి, ఊరు చూసినట్టుంటది, పోదాం" అని తీర్మానం. లోపల చాటలో బియ్యం చెరుగుతున్న మా అత్తగారు గడప దగ్గరకొచ్చి పెద్దకొడుకుతో అన్నారు: "నలభై అంటివి బిడ్డా. మనయి ముప్పై ఎనిమిదే గద. ఆ రెండూ తీసెయ్యవా?"

రెండు క్వింటాళ్ళకి అయిదు వందల చొప్పున వెయ్యి. వచ్చే ఎక్కువ ఇరవై కాదు, పందొమ్మిది వేలే. ఖర్చు పందొమ్మిదిన్నర. అయిదు వందల లాభం కాస్తా అయిదు వందల నష్టం అయి కూర్చుంది. అరుగంతా నిశ్శబ్దం. లారీ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. గమనించారో లేదో, మగవాళ్ళు చేసిన లెక్కా, ఆవిడ చేసిన లెక్కా ఒకటే. నలభై అనుకోవడం తప్పు కాదు. ఆ రెండింటినీ అలాగే వదిలేయడం దగ్గరే వచ్చింది చిక్కు.

"ఎవరు నేర్పారు అత్తమ్మా మీకు?" అని అడిగాను. "నేర్పుడేంది? మా అవ్వ గట్లనే జేస్తుండె. మేం జూసినం" అన్నారు. వాళ్ళ అవ్వకి ఎవరు నేర్పారు? అలా వెనక్కి వెళ్తూ ఉంటే ఎక్కడ తేలతామో తెలుసా? మాటల్లోనే తేలతాం.

నిజాం రాజ్యంలో ఉర్దూ రాజభాష కావడంతో, ఇంట్లో తెలుగు మాట్లాడే వాళ్ళకి కూడా బజారు లెక్క ఉర్దూలో అలవాటు. మా అత్తగారు సంచులు లెక్కపెడుతుంటే వినాలి. పందొమ్మిది అనరు, 'ఉన్నీస్' అంటారు. ఇరవై తొమ్మిది 'ఉంతీస్', ముప్పై తొమ్మిది 'ఉంతాలీస్', యాభై తొమ్మిది 'ఉన్సఠ్'. ఆ మొదట్లో ఉన్న 'ఉన్' ఏమిటి? సంస్కృతంలో 'ఊన' అంటే తక్కువ అని అర్థం. పందొమ్మిదిని సంస్కృతంలో ఏకోనవింశతి అంటారు. ఏక, ఊన, వింశతి. ఒకటి తక్కువ ఇరవై అన్నమాట! అదే అరిగి అరిగి ఉన్నీస్ అయింది. డెబ్బై తొమ్మిది దాకా ఈ వరస నడిచి, ఎనభై తొమ్మిది దగ్గర మాత్రం 'నవాసీ' అని దారి మారుస్తుంది. ఎక్కడో ఉన్న లాటిన్ వాళ్ళు కూడా పందొమ్మిదిని ఇరవైకి ఒకటి తక్కువ అనే చెప్పారు. రోమను అంకెల్లో తొమ్మిది చూడండి. పదికి ముందు ఒక గీత గీసి పెడతారు, పదికి ఒకటి తక్కువ అని.

మన తెలుగు మాత్రం తక్కువ తిన్నదా? తొమ్మిది అన్న మాటలో చివర నలిగిపోయి ఉన్నది పదే అంటారు భాష చదివినవాళ్ళు. తమిళంలో తొంభైని 'తొణ్ణూఱు' అంటారు. అందులో 'నూఱు', అంటే మన నూరు, పైకే వినిపిస్తోంది. అంటే గణితం పుస్తకంలోకి ఎక్కకముందే, మనుషులు నిండు సంఖ్య దగ్గర నిలబడి వెనక్కి ఒక అడుగు వేసి లెక్కపెట్టారన్నమాట. మా అత్తగారి అవ్వకి నేర్పింది ఎవరంటే, ఆవిడ నాలిక మీది మాటలే నేర్పాయనాలి.

తర్వాత పండితులు దీన్ని సూత్రంగా రాశారు. క్రీస్తుశకం 628లో బ్రహ్మగుప్తుడు 'బ్రాహ్మస్ఫుటసిద్ధాంతం' అనే గొప్ప గ్రంథం రచించాడు. అందులో హెచ్చవేతకి ఆయన చెప్పిన పద్ధతుల్లో ఒకదానికి ఇష్టగుణనం అని పేరు. ఎంత చక్కని పేరో చూడండి! హెచ్చించాల్సిన సంఖ్యకి నీకు ఇష్టమైనంత కలుపుకో, లేదా తీసేసుకో, లెక్క చేసుకో, ఆ ఇష్టమైనదాన్ని కూడా విడిగా హెచ్చించి, కలిపితే తీసెయ్, తీస్తే కలిపెయ్. సూత్రం అంతే. మా అత్తగారి 'పూరా జేస్కో' కీ దీనికీ తేడా భాషలో తప్ప భావంలో లేదు. అయితే ఒక షరతు ఉంది. ఎంత ఇష్టపడితే అంత కలుపుకోవచ్చు గాని, కలిపింది తీయకుండా వదిలే ఇష్టం మాత్రం ఎవరికీ లేదు.

ఆ తర్వాత రెండు వందల ఏళ్ళకి, సుమారు 850 ప్రాంతంలో, రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడు అనే జైన పండితుడు 'గణితసారసంగ్రహం' రాశాడు. ఆ చక్రవర్తి రాజధాని మాన్యఖేటం. ఇప్పటి మాల్ఖేడ్. 1956 దాకా అది కూడా మన హైదరాబాదు రాజ్యంలోని గుల్బర్గా జిల్లాలోదే. ఈ మహావీరాచార్యుడు లెక్కల్లో కూడా సరసుడు. హెచ్చవేస్తే మెడలో హారంలా అటు నుంచి చూసినా ఇటు నుంచి చూసినా ఒకేలా ఉండే సంఖ్యలు వచ్చే లెక్కలు కూర్చాడు. మచ్చుకి ఒకటి: 139ని 109తో హెచ్చించండి. అమ్మో అనకండి. 109ని 110 అనుకోండి. 139ని పదకొండుతో హెచ్చిస్తే 1,529, సున్న చేరిస్తే 15,290. ఎక్కువ వేసుకున్న ఒక 139 తీసేయండి. 15,151. హారం తయారు! మధ్యలో పతకం, అటూ ఇటూ ఒకే వరస పూసలు.

ఈ గ్రంథాన్నే మన పావులూరి మల్లన 'సారసంగ్రహ గణితం' పేరుతో తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఆయన నన్నయ కాలంవాడని, అంటే పదకొండో శతాబ్దంవాడని చెబుతారు. మన భాషలో తొలి గణిత గ్రంథం అదే. చూడండి మరి, తెలుగువాడు కలం పట్టిన తొలిరోజుల్లోనే భారతంతోపాటు లెక్కలు కూడా పద్యంలో చెప్పుకున్నాడు. పద్యమైతే చెవిన పడ్డవాళ్ళకి కూడా నోటికి వస్తుంది కదా.

ఇక భాస్కరాచార్యుడి సంగతి. 1150లో ఆయన రాసిన గణిత గ్రంథం పేరు 'లీలావతి'. లెక్కల పుస్తకానికి ఆడపిల్ల పేరు! లీలావతి ఆయన కూతురని, పెళ్ళి ముహూర్తం చూసే నీటి గిన్నెలో ఆమె నగలోని ముత్యం జారిపడి రంధ్రం మూసుకుపోయిందని, ముహూర్తం దాటిపోయి పెళ్ళి ఆగిపోతే తండ్రి ఓదార్పుగా ఆమె పేరు చిరకాలం నిలిచేలా ఈ పుస్తకం రాశాడని ఒక కథ ప్రచారంలో ఉంది. అది భాస్కరుడు చెప్పిన కథ కాదు. 1587లో అక్బరు ఆస్థాన కవి ఫైజీ చేసిన పారశీక అనువాదంలో కనిపించే కథ. కథ సంగతి ఎలా ఉన్నా, పుస్తకంలో హెచ్చవేత దగ్గర ఆయన అడిగిన ప్రశ్న మాత్రం నిజం. లేడికూన కళ్ళ బాలా, లీలావతీ, 135ని 12తో హెచ్చిస్తే ఎంతో చెప్పు అని అడుగుతాడు. ఆ లెక్కని ఎన్ని దారుల్లో చేయొచ్చో కూడా చెబుతాడు. అందులో మన ఇష్టం దారీ ఉంది. 12లో 2 తీసేసి పదితో హెచ్చించు, 1,350. తీసిన రెండుతో హెచ్చిస్తే 270. కలిపెయ్, 1,620. లేదంటే 12కి 8 కలిపి ఇరవైతో హెచ్చించు, 2,700. ఎనిమిదితో హెచ్చిస్తే 1,080. తీసెయ్. మళ్ళీ 1,620. ఏ గుమ్మంలోంచి వెళ్ళినా ఇల్లు ఒకటే.

నన్నడిగితే ఇక్కడ ఆగి ఆలోచించాల్సిన విషయం ఒకటుంది. తొమ్మిది వందల ఏళ్ళ కిందట ఒక మహాపండితుడు, లెక్క వేయగలిగిన మనిషిగా ఒక ఆడపిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని పుస్తకం రాశాడు. మరి మన ఇళ్ళల్లో? "ఆడపిల్లకి లెక్కలెందుకే, ఆర్ట్సు తీసుకో" అనే మాట నేను విన్నాను, మీరూ వినే ఉంటారు. వీధిబడుల్లో మగపిల్లలు ఇరవయ్యో ఎక్కం దాకా, పావు, అర, ముప్పావు ఎక్కాలతో సహా గొంతెత్తి వల్లిస్తుంటే, గోడ ఇవతల పిండి విసురుకుంటున్న ఆడపిల్లలు చెవులతోనే చదువుకున్నారు.

చెవి చదువు తక్కువదని ఎవరూ అనుకోకండి. లక్కోజు సంజీవరాయశర్మగారి పేరు విన్నారా? 1907లో కడప జిల్లా ప్రొద్దుటూరు దగ్గర కల్లూరులో పుట్టారు. పుట్టు అంధులు. తోబుట్టువు బడి నుంచి వచ్చి పాఠాలు పైకి చదువుతుంటే వింటూ ఆయన లెక్కలు నేర్చారని చెబుతారు. పెద్దయ్యాక ఊరూరా గణితావధానాలు చేశారు. పుట్టిన తేదీ చెబితే వారం చెప్పేవారు. ఎంత పెద్ద హెచ్చవేతలైనా నోటితోనే. ఫిడేలు కూడా వాయించేవారు. ఆయన ప్రతిభకి జోహారు. ఆ పాఠాలు పైకి చదివిన తోబుట్టువుకి కూడా మనసులో ఒక నమస్కారం పెట్టుకుంటాను నేను.

మళ్ళీ నిజాం రాజ్యానికి వద్దాం. అక్కడ లెక్క రాకపోతే బతుకు గడవని చిక్కు ఒకటుండేది. రూపాయిలు రెండు. నిజాం ప్రభుత్వం రూపాయి హాలీ సిక్కా. సరిహద్దు దాటితే చెల్లే ఇంగ్లీషువాడి రూపాయి కల్దార్. యంత్రం మీద పోసిన నాణెం కనక కల్దార్ అన్నారు. ఆరు కల్దారులకి ఏడు హాలీలు మారకం. పక్క జిల్లాలో పెళ్ళయిన కూతురికి డబ్బు పంపాలన్నా, బొంబాయి పోయిన కొడుకు పంపింది ఖర్చుపెట్టాలన్నా ఈ ఏడు, ఆరుల పేచీ తప్పదు. నూరు హాలీలకి కల్దారులెన్ని? ఏడుతో నూరు భాగం పోదు. కాని తొంభై ఎనిమిది పోతుంది, పద్నాలుగు ఏళ్ళు. పద్నాలుగు ఆర్లు 84. మిగిలిన రెండు హాలీలకి రూపాయి పదకొండణాల చిల్లర. వెరసి 85 రూపాయల పదకొండణాలు. వీలైన సంఖ్య దగ్గరికి వెళ్ళడం, మిగిలిన దానికి విడిగా న్యాయం చేయడం. మళ్ళీ అదే కిటుకు.

అటు నుంచి చూస్తే నూరు కల్దారులకి 116 హాలీల పది అణాల ఎనిమిది పైలు. నూట పదహారు అనగానే మీ పెదవుల మీద నవ్వు కనిపిస్తోంది! మన చదివింపుల్లో నూట పదహార్లు అలా వచ్చినవేనని పెద్దలు చెప్పుకునే మాట ఒకటుంది. నూరు కల్దారుల విలువ నిండుగా ఇచ్చినట్టని భావం. హాలీ చెల్లని కోస్తా జిల్లాల్లోనూ నూట పదహార్ల ఆచారం ఉంది కనక, అదొక్కటే కారణమంటే నేనొప్పుకోను. ఒకవేళ నిజమే అయినా, ఆ పది అణాల ఎనిమిది పైలు ఏమైనట్టు? పెళ్ళికూతురి చేతికి రాలేదు. ఇచ్చినవాళ్ళ సంచిలో మిగిలిపోయాయి! చిల్లర వదిలేసేటప్పుడు అది ఎవరి వైపు పడుతోందో చూడడం ఎప్పుడూ అవసరమే.

హాలీ సిక్కా కొత్తగా వేయడం 1951తో ఆగింది. చెల్లుబాటు 1959 దాకా నడిచింది. ఆ మధ్యలో ఇంకో గొడవ వచ్చిపడింది. 1957 ఏప్రిల్ ఒకటిన నయాపైసలు వచ్చాయి. రూపాయికి పదహారు అణాలు పోయి నూరు పైసలు. నూటిని పదహారుతో భాగిస్తే ఆరుంపావు. పావు పైసా ఎక్కడ తెచ్చేది? అందుకని ప్రభుత్వం వారు ఒక పట్టిక వేశారు. అణాకి 6 పైసలు, బేడకి 12, మూడణాలకి 19, పావలాకి 25. బేడ విలువ నిజానికి పన్నెండున్నర. ఆ అర పైసా వదిలేశారు. వదిలేస్తే ఏమైంది? బేడ కొత్తిమీర, బేడ పచ్చిమిరపకాయలు విడివిడిగా కొని విడివిడిగా ఇస్తే 24 పైసలు. రెండూ కలిపి పావలా లెక్క కడితే 25. ఒకే బజారు, ఒకే సరుకు, ఒక పైసా తేడా! అణా వస్తువు పదహారు సార్లు ఆరేసి పైసలకి అమ్మిన ముసలమ్మకి రూపాయి రావలసిన చోట 96 పైసలే వస్తాయి. ఏడు తీసుకుంటే 112. అప్పుడు నష్టం కొన్నవాళ్ళది. ఆనాటి ఇల్లాళ్ళు అణాలు, పైసలు, సేర్లు, కిలోలు అన్నీ ఏకకాలంలో తలలో తిప్పుకుంటూ సంసారం ఈదారంటే ఎంత గట్టివాళ్ళో ఆలోచించండి.

2011 జూన్ 30తో పావలా బిళ్ళ కూడా చెల్లకుండా పోయింది. ఇప్పుడు బిల్లు అడుగున 'రౌండాఫ్' అని చిన్న అక్షరాలతో ఒక గీటు ఉంటుంది. ముప్పై పైసలు వదిలామనో, నలభై పైసలు కలిపామనో. పైసలే కదా అంటాం. నిజమే, ఒక బిల్లుకి పైసలే. పసుపు యార్డులో మాత్రం అవి పైసలుగా ఉండవు.

ఒక లెక్క అనుకుందాం. సంచికి అరవై కిలోల చొప్పున నలభై తొమ్మిది సంచులు. యాభై అనుకుంటే మూడు వేల కిలోలు, ఒక సంచి తీసేస్తే 2,940. తేమ ఉందనో, మట్టి ఉందనో క్వింటాలుకి రెండు కిలోలు తరుగు తీశారనుకుందాం. నూటికి రెండే కదా, ఏం పోయింది అనిపిస్తుంది. కిలో వంద రూపాయలైతే? మూడు వేల కిలోలకి అరవై కిలోలు, అంటే ఆరు వేల రూపాయలు. ఎక్కువ అనుకున్న ఒక సంచికి పడే 120 తీసేస్తే 5,880. నూటికి రెండు అన్న మాట ఎంత చిన్నదో, 5,880 అంత పెద్దది. తేమ ఉంటే తీయడం న్యాయమే. ఎంత తీశారో, దేనికి తీశారో తెలుసుకుని ఒప్పుకోవడం వేరు, దడ్వాయి చెప్పిన అంకెకి తల ఊపి రావడం వేరు. 'సుమారు' అన్న మాట రైతు నోట వస్తే పోయేది రైతుదే. కొనేవాడి నోట వస్తే పోయేదీ రైతుదే!

2025 జనవరిలో నిజామాబాదులో జాతీయ పసుపు బోర్డు ప్రారంభమైంది. పసుపు రైతులు ఏళ్ళ తరబడి అడిగితే వచ్చిన బోర్డు. మంచి జరగాలనే కోరుకుందాం. అయితే ఎంత పెద్ద బోర్డు వచ్చినా, కాంటా దగ్గర ఇచ్చిన చీటీని ఇంటికొచ్చాక చూసి "ఇది కుదరలేదు" అనగలిగిన మనిషి ప్రతి ఇంట్లో ఒకరు ఉండాలి. బాల్కొండలో మా ఇంట్లో ఆ మనిషి చదువుకున్న మగవాళ్ళెవరూ కాదు, సంతకం మాత్రమే వచ్చిన అత్తగారు. చీటీ ఆవిడకి చదివి వినిపించాలి, అంతే. తక్కింది ఆవిడ చూసుకుంటారు.

"ఇప్పుడు ఫోనులోనే లెక్కలయంత్రం ఉంది కదా, ఈ తిప్పలన్నీ ఎందుకు?" అని మీ పిల్లలు అడగొచ్చు. మా అమ్మాయి అడిగింది. యంత్రం తప్పు చేయదు, నిజమే. దాని మీద పడే వేలు చేస్తుంది. ఒక సున్న తక్కువ నొక్కితే యంత్రం "అమ్మాయీ, ఇదేమిటి?" అని అడగదు. సుమారుగా ఎంత రావాలో మన తలలో ముందే ఉంటేనే తెర మీది అంకెని చూసి ఉలిక్కిపడగలం. శకుంతలాదేవిగారి సంగతే చూడండి. బెంగుళూరులో పుట్టిన కన్నడ మహిళ. తండ్రి సర్కసులో పనిచేసేవాడు. ఆవిడకి బడి చదువు సాగలేదు. 1980 జూన్ 18న లండన్ ఇంపీరియల్ కాలేజీలో రెండు పదమూడంకెల సంఖ్యలు ఇస్తే ఇరవై ఎనిమిది సెకన్లలో హెచ్చించి చెప్పారు. మనకి పదమూడంకెలు అక్కర్లేదు. మూడంకెలు చాలు, సంసారం గట్టెక్కుతుంది. కాని ఆడవాళ్ళకి లెక్కలు రావనే మాట ఎవరైనా అంటే, ఆ ఇరవై ఎనిమిది సెకన్లు గుర్తుచేయండి.

మా అమ్మాయికీ వాళ్ళ నాయనమ్మకీ ఇప్పుడు పోటీ నడుస్తోంది. 98 తొంభై ఏడులు ఎంత అని ఇది అడుగుతుంది. ఆవిడ కళ్ళు మూసుకుని, "నూరు తొంభై ఏడులు తొమ్మిదివేల ఏడు వందలు. రెండు తొంభై ఏడులు నూటతొంభై నాలుగు. నూటతొంభై నాలుగంటే రెండొందలకు ఆరు తక్కువ. తొమ్మిదివేల అయిదొందలు, గా ఆరు మల్ల కలుపు. తొమ్మిదివేల అయిదొందల ఆరు" అంటారు. అప్పు తీర్చేటప్పుడు కూడా ఆవిడ నిండు చేసి తీరుస్తారు. ఎక్కువ తీర్చింది మళ్ళీ వెనక్కి తీసుకుంటారు. ఆరు రూపాయలు కూడా ఎవరికీ వదలరు, ఎవరివీ ఉంచుకోరు.

మీ ఇంట్లో పదేళ్ళ పిల్ల ఉంటే ఈ ఆదివారం పక్కన కూర్చోబెట్టుకుని లీలావతిని అడిగిన ప్రశ్నే అడగండి. నూట ముప్పై అయిదు పన్నెండులు ఎంతే తల్లీ అని. కాగితం ఇవ్వకండి. పదితో చేస్తుందో, ఇరవైతో చేస్తుందో దాని ఇష్టం. 2,700 అని ఆగిపోతే మాత్రం, "అయిపోయిందా? ఇంకా ఎవరికైనా ఇవ్వాల్సింది ఉందా?" అని మెల్లిగా అడగండి.